‘ఆనాటి వింతలు’ అని నవ్వే ముందు పేజీ మొత్తం చదవండి

ఆదివారం పొద్దున ఇడ్లీ పాత్ర పొయ్యి మీంచి దించేలోపే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక పాత పేపరు ముక్క దిగుతుంది. పసుపుపచ్చగా మాగిన కాగితం, చుట్టూ కత్తెరతో కత్తిరించిన అంచు. ఒక వారం బంగారం ధర, ఒక వారం దేనికైనా పనికొచ్చే టానిక్ ప్రకటన, ఒక వారం పదకొండేళ్ల పెళ్లికూతురి ఫోటో. కింద నవ్వే బొమ్మలు పది, ఇరవై. ఆ తర్వాత ఎవరో ఒక పెద్దాయన ‘ఆ రోజులే వేరు’ అంటాడు. ఇంకెవరో కుర్రాడు ‘అప్పటి జనం ఎంత అమాయకులో’ అంటాడు. ఇద్దరూ ఒకే ముక్క చూసి ఒకరు నిట్టూరుస్తారు, ఒకరు నవ్వుతారు. చదివినవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

నాకు ఈ నవ్వు మీదా, ఈ నిట్టూర్పు మీదా పెద్ద అభ్యంతరమే ఉంది. పాత పేపర్లలో వింతలు చూసి సరదా పడొద్దని నేననను. కానీ ‘వింత’ అన్న మాట ఒక మూత లాంటిది. సంగతి మీద ఆ మూత పెట్టేస్తే ఇక లోపలికి తొంగి చూడక్కర్లేదు. ఆ మూత కింద ఎక్కువగా ఉండేది ఎవరో తెలుసా? మనమే. మన అవ్వలు, మన అమ్మలు. అందుకే ఈ రాత.

అసలు పాత పేపరుతో ఎక్కువ పరిచయం ఎవరికి? పొద్దున్నే కొత్త పేపరు ఇంట్లో మగవాళ్ల చేతికి పోతుంది. మన చేతికి వచ్చేసరికి అది పాతదైపోయి ఉంటుంది. బీరువా అరల్లో పరిచేది మనం, పప్పుల డబ్బాల కింద వేసేది మనం, పట్టుచీరల మడతల మధ్య పెట్టేది మనం. అటక మీది ట్రంకుపెట్టె దించి దులిపినప్పుడు, అడుగున ఇరవై ఏళ్ల కిందటి పేపరు కనిపిస్తే చేతిలో చీపురు పట్టుకునే నిలబడి చదివేదీ మనమే. నేను పుట్టింది పుంగనూరు, చదివింది మదనపల్లె, కాపురం కుప్పం. కుప్పం సంగతి మీకు తెలుసు కదా, ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. అంగట్లో బొరుగులు కట్టించుకుంటే పొట్లం ఒకరోజు తెలుగు, ఒకరోజు తమిళం, ఇంకోరోజు కన్నడం. అచ్చు సిరా ఒంటికి మంచిది కాదు, తినేవి పేపర్లో కట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. అది మంచి మాటే, ఇంటికి రాగానే బొరుగులు డబ్బాలో పోసేయండి. కానీ పొట్లం కాగితం పారేసే ముందు ఒకసారి చదవండి అంటాను నేను.

ఎందుకంటే పొట్లం కాగితం మనకొక పాఠం చెబుతుంది. అది ఎప్పుడూ సగం వార్తే. మొదలుంటే చివరుండదు, చివరుంటే ఎవరి సంగతో తెలియదు. సగమే ఉందని అక్కడ మనకు తెలుస్తూనే ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చే ముక్క అలా కాదు. అదీ సగమే, కానీ మొత్తం తానే అన్నట్టు వస్తుంది. ఎవరో పని గట్టుకుని ఆ చుట్టుపక్కలున్నదంతా కత్తిరించి పారేశారు. ఆ పారేసినదాంట్లో ఏముందన్నదే నా ప్రశ్న.

బంగారంతోనే మొదలుపెడదాం, మనకిష్టమైనది కదా. 1955 ప్రాంతంలో పది గ్రాముల బంగారం వంద రూపాయల్లోపే. ఆ ముక్క చూసి ‘మా తాతలు కొని పెట్టుంటే ఎంత బాగుండేది’ అని గ్రూపంతా వాపోతుంది. కొనడానికి ఆ తాత చేతిలో ఎంత ఉందో ఆ ముక్క చెప్పదు. చెనిక్కాయలు పీకడానికి పోయిన ఆడకూలీకి ఆ రోజు ఎంత ఇచ్చారో అసలే చెప్పదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. 1955లో హిందూ వారసత్వ చట్టమే లేదు. అది 1956లో వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు మన రాష్ట్రంలో వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి. అదీ అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకే. దేశమంతటికీ వచ్చేసరికి 2005 అయ్యింది.

అంటే ఏమిటి? మీ అవ్వ మెడలో ఉన్న రెండు పేటల గొలుసు ఆమెకు సోకు కాదు. ఆమెకు పొలం లేదు, ఇల్లు లేదు, బ్యాంకు పుస్తకం లేదు. ఈ భూమ్మీద ‘ఇది నాది’ అని ఆమె చెప్పుకోగలిగింది ఆ గొలుసొక్కటే. అందుకే కరువొచ్చినప్పుడు కుదువ పెట్టిందీ దాన్నే, కూతురి పెళ్లికి తెంచి ఇచ్చిందీ దాన్నే. ఆ పేపరు ముక్కలోని అంకె ఒక ఆడమనిషి ఆస్తి మొత్తానికి ధర. అది చూసి ‘అప్పుడెంత చవకో’ అని నవ్వే బొమ్మలు పెడుతున్నారు. ఎవరు చవకో ఒకసారి ఆలోచించండి.

ఇక టానిక్ ప్రకటనల సంగతి. దగ్గు, నీరసం, రక్తహీనత, క్షయ, అన్నిటికీ ఒకటే సీసా అని రాసిన పాత ప్రకటనలు ఇప్పుడు చూస్తే నవ్వు వస్తుంది, నిజమే. కానీ మన ప్రాంతంవాళ్లం ఆ నవ్వు నవ్వే ముందు మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరాన్ని తలుచుకోవాలి. 1910లలోనే అక్కడ క్షయరోగులకు ఆసుపత్రి వచ్చింది. దూరదూరాల నుంచి రోగులు అక్కడికి వచ్చేవాళ్లు. వాళ్లకు అక్కడ ఇవ్వగలిగింది ఏమిటి? మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి. మందు లేదు. క్షయ క్రిమిని చంపే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను అమెరికాలో కనిపెట్టిందే 1943లో. అది మన ఊళ్లకు అందేసరికి ఇంకా ఆలస్యం.

డాక్టరు దగ్గరే మందు లేని కాలంలో, రక్తం కక్కుతున్న బిడ్డ పక్కన కూచున్న తల్లి పేపర్లో ప్రకటన చూసి మనియార్డరు పంపి సీసా తెప్పించుకుంటే, ఆమె తెలివితక్కువదా? సీసా అమ్మినవాడు మోసగాడు. ఆమె ఆశ పడింది, అంతే. మనం నవ్వాల్సింది మోసగాడి మీద. అది కాక మనం నవ్వుతున్నది ఆమె మీద. పైగా అదే గ్రూపులో, ఆ ముక్కకు రెండు మెసేజీల కింద, షుగరును పదిహేను రోజుల్లో మాయం చేసే కషాయం గురించి ఫార్వర్డు ఉంటుంది! దాన్ని మాత్రం ఎవరూ వింత అనరు. ‘తప్పక ట్రై చేయండి’ అంటారు.

ఇంకొకటి చెప్తాను. మీ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ ఉంది కదా, చూసుకోండి. బీసీజీ టీకా మచ్చ. పుట్టిన పిల్లలకు క్షయ ముదిరి మెదడుకు పాకకుండా కాపాడే టీకా అది. 1948లో మన దేశంలో ఆ టీకా మొదలుపెట్టినప్పుడు, మొదలైన తొలి చోట్లలో మన మదనపల్లె ఒకటి. అది మన గొప్ప. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? 1955లో రాజాజీ అంతటి పెద్దాయన ఆ టీకాకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన మనిషి, అంతకు ముందు దేశానికి గవర్నర్ జనరల్‌గా చేసిన మనిషి. ఆయన మాట పత్రికల్లోకి ఎక్కకుండా ఉంటుందా?

ఆ పేపర్లు ఇప్పుడు చూస్తే ‘అరె, రాజాజీ కూడానా’ అని వింతగానే ఉంటుంది. కానీ ఆ రోజు పిల్లాణ్ణి చంకనేసుకుని టీకా వేసేవాళ్ల ముందు నిలబడాల్సింది రాజాజీ కాదు, ఒక తల్లి. పెద్దవాళ్లు పేపర్లో వద్దంటున్నారు, ఇంట్లో అత్తగారు భయపడుతున్నారు, ఎదురుగా సూది ఉంది. ఆమె వేయించింది. మన అమ్మలు, అవ్వలు లక్షలమంది వేయించారు. వాళ్లు వేయించిన వార్త ఏ పేపర్లోనూ వింతగా రాలేదు. భయపెట్టినవాళ్ల మాట అచ్చులో మిగిలింది. ధైర్యం చేసినవాళ్ల మాట మన భుజాల మీద మచ్చగా మిగిలింది. మొన్న కోవిడ్ టీకా రోజుల్లో మనం పడ్డ గింజుకులాట గుర్తుందా? అప్పుడు చేతికొచ్చిన ప్రతి ఫార్వర్డూ చదువుతూ, పిల్లల కోసం, ముసలివాళ్ల కోసం నిర్ణయం తీసుకున్నది ఎవరు? ఇది వింత కాదమ్మా, మన పనే. డెబ్బై ఏళ్లుగా చేస్తున్న పని.

మదనపల్లె మాట వచ్చింది కాబట్టి అందరికీ తెలిసిన ఇంకో ముక్క చూద్దాం. ప్రతి ఆగస్టు 15కీ, జనవరి 26కీ తప్పకుండా వచ్చేది. ‘జనగణమన ఇంగ్లీషు రాజును పొగుడుతూ రాసిన పాట, ఇదిగో ఆనాటి పేపరు సాక్ష్యం’ అని. సంగతేమిటంటే, ఆ పాట మొదట పాడింది 1911 డిసెంబరు 27న, కలకత్తా కాంగ్రెసు సభలో. అదే సభలో రాజదంపతుల కోసం వేరే పాట, హిందీ పాట, పాడారు. మర్నాడు కొన్ని ఇంగ్లీషు పత్రికలు రెండూ కలిపేసి, టాగూరు చక్రవర్తికి స్వాగతగీతం రాశాడని అచ్చేశాయి. టాగూరే 1937లో ఒక ఉత్తరంలో దాన్ని గట్టిగా ఖండించారు. అయినా ఆ ఒక్కరోజు పొరపాటు వందేళ్లు దాటి ఇంకా తిరుగుతూనే ఉంది. ‘పాత పేపర్లో ఉంది కాబట్టి నిజం’ అనుకునేవాళ్లకు ఇంతకంటే మందు లేదు. పేపరు పాతదైతే అబద్ధం నిజమైపోదు, పాత అబద్ధం అవుతుంది.

సరే, అది అందరూ చెప్పుకునేదే. ఎవరూ చెప్పుకోనిది ఇంకొకటుంది. 1919 ఫిబ్రవరిలో టాగూరు మదనపల్లెకు వచ్చారు. బీటీ కాలేజీ, అంటే అనీబిసెంట్ పెట్టించిన దివ్యజ్ఞాన కళాశాలలో దిగారు. ఫిబ్రవరి 28న అక్కడే ఆ పాటను ఇంగ్లీషులోకి మార్చారు. మనం ఇప్పుడు లేచి నిలబడి పాడే బాణీని అక్కడే స్వరాలు కట్టి కాగితం మీద పెట్టింది మార్గరెట్ కజిన్స్. సంగీతం చదువుకున్న ఐర్లండు ఆవిడ. మా ఊళ్లో ఈ కథ చెప్పేటప్పుడు ఆవిడను ఎలా పరిచయం చేస్తారో తెలుసా? ‘ప్రిన్సిపాల్ కజిన్స్ గారి భార్య’. అంతే. ఫోటో టాగూరుది, పేరు కజిన్స్ గారిది, బాణీ ఆవిడది.

ఆ ‘భార్య’ మదనపల్లెకు టాగూరు రాకముందే, 1917లో, మద్రాసులో భారత మహిళా సంఘం పెట్టినవాళ్లలో ఒకరు. ఆ ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు ముందుండి కొందరు ఆడవాళ్లను తీసుకుని వెళ్లి, మాకూ ఓటు కావాలని మాంటేగు దొరను అడిగారు. ఆ బృందం కోసం పరిగెత్తి పనిచేసిందీ ఈవిడే. ఆ అడగడం వల్ల 1921లో మద్రాసు రాష్ట్రంలో, ఆస్తి ఉన్నవాళ్ల వరకైనా, ఆడవాళ్లకు ఓటు వచ్చింది. దేశంలో మొదటి రాష్ట్రం మనదే. 1927లో అఖిల భారత మహిళా సభ మొదలవడానికీ ఈవిడే కారణం. దేశంలో తొలి మహిళా మేజిస్ట్రేటూ ఈవిడే. ఇంత మనిషి ‘గారి భార్య’ అయిపోయింది. ఇది నాకు వింతగా ఉంది. పాత పేపర్లలో వింతలు వెతికేవాళ్లకు ఈ వింత ఎందుకు కనపడదు?

కనపడదు, ఎందుకంటే వాళ్లు అచ్చైనదే చూస్తారు. అచ్చు కానిది చూడటం మనం నేర్చుకోవాలి. దానికి లాభం ఏమిటో ఒక్క ఉదాహరణ చెప్తాను. 1902లో ‘హిందూసుందరి’ అని ఆడవాళ్ల మాసపత్రిక మొదలైంది. ఆడవాళ్లే సంపాదకులు, ఆడవాళ్లే రాసేవాళ్లు. అదే ఏడు అందులో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ అనే కథ రాసింది. చిన్నప్పుడు ఆమెను బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదువు నేర్చుకుంది. స్త్రీల చరిత్రలు రాసింది, ఊరూరా స్త్రీ సమాజాలు పెట్టించింది. 1905లో ముప్ఫై ఏళ్ల వయసులో పోయింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు కాదు, ‘ధనత్రయోదశి’ తర్వాత ఎనిమిదేళ్లకు, 1910లో, గురజాడ ‘దిద్దుబాటు’ వచ్చింది. మనం బళ్లో ఏం చదువుకున్నాం? తొలి తెలుగు కథ దిద్దుబాటు అని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం.

తర్వాత కొందరు ఓపికగా ఆ పాత పత్రికల కట్టలు విప్పారు. దుమ్ము దులిపి, పేజీ పేజీ తిప్పారు. అచ్చమాంబ పేరు బయటికొచ్చింది. ఇప్పుడు తొలి కథ ఏది అంటే ఆమె పేరు చెప్పకుండా ఎవరూ దాటలేరు. కాదని వాదించేవాళ్లయినా ఆమె పేరు ఎత్తే వాదించాలి. ఇదంతా ఎక్కడి నుంచి వచ్చింది? పాత కాగితాల్లోంచే. ఆ కట్టలు విప్పినవాళ్లు ‘ఆనాటి ఆడవాళ్ల పత్రికట, ఎంత వింతో’ అని ఒక పేజీ ఫోటో తీసి నవ్వి ఊరుకునుంటే, అచ్చమాంబ ఇంకా ఆ దుమ్ములోనే ఉండేది. అందుకే ఇది సరదా సంగతి కాదు నాకు.

ఇప్పుడు ఆ పదకొండేళ్ల పెళ్లికూతురి ఫోటో దగ్గరికి వద్దాం. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండందే పెళ్లి చేయకూడదని 1929లో శారదా చట్టం చేశారు. 1930 ఏప్రిల్ నుంచి అమలన్నారు. ఆ చట్టం వస్తే ధర్మం మునిగిపోతుందని చదువుకున్న పెద్దమనుషులే వాదించారు. ఇప్పుడా వాదనలు చదివితే కడుపుబ్బ నవ్వొస్తుంది. నవ్వండి. నవ్వాక ఈ అంకె కూడా చూడండి. 2019-20లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లైనవాళ్లు నూటికి 29 మంది. వందేళ్ల కిందట కాదు, మన చేతిలో స్మార్ట్‌ఫోన్లు ఉన్న రోజుల్లో.

జిల్లా పేజీ తీసి చూడండి, ‘బాల్యవివాహాన్ని అడ్డుకున్న అధికారులు’ అని రెండు వేళ్ల వెడల్పు వార్త అప్పుడప్పుడు కనిపిస్తుంది. దాన్ని ఎవరూ కత్తిరించి గ్రూపులో పెట్టరు. అది ఎనభై ఏళ్లు మాగాలి, పసుపుపచ్చగా మారాలి, అప్పుడు మన మునిమనవలు ‘ఆనాటి వింత’ అని నవ్వుకుంటారు. నవ్వడానికి అంత దూరం కావాలి మనకు. దగ్గరున్నది మన పక్కవీధి పిల్ల కాబట్టి నవ్వలేం, మాట్లాడనూ మాట్లాడం.

పెళ్లి ప్రకటనలూ అంతే. పాత పేపర్లో ‘ఎర్రని చాయ గల, ఇంటిపని తెలిసిన కన్య కావలెను’ అని ఉంటే ఫోటో తీసి పెడతారు. ఈ ఆదివారం పేపరులో పెళ్లిపందిరి పేజీ తీయండి. కులం ఉంది, శాఖ ఉంది, చాయ ఉంది, ఎత్తు ఉంది. కొత్తగా చేరిందల్లా అమ్మాయి జీతం. ‘కావలెను’ పోయి ‘కావాలి’ అయింది. మారింది వ్యాకరణమే.

పుట్టింటి మాట చెప్పకపోతే పుంగనూరువాళ్లు ఊరుకోరు. మా పుంగనూరు ఆవు ఇప్పుడు పేపర్లకు ఇష్టమైన వింత. మీటరుకు లోపు ఎత్తు, పాలలో వెన్న శాతం ఎనిమిది దాకా. మామూలు ఆవు పాలలో మూడూ నాలుగే కదా. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఆ ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు వచ్చాక వాటి ముద్దు ఇంకా పెరిగింది. ఫంక్షన్లకు తెచ్చి ఫోటోలు దిగుతున్నారు. మంచిదే, బతికితే చాలు. కానీ అది పొట్టిది కావడం గొప్ప కాదు. ఎండిన గడ్డి తిని, కొంచెం నీళ్లతో, కరువు సీమలో పాలివ్వడం దాని గొప్ప. ఎక్కువ పాలిచ్చే విదేశీ జాతులతో సంకరం చేయమని ఊరూరా చెప్పాక అది చిక్కిపోయింది. పలమనేరులో ప్రభుత్వ పరిశోధన కేంద్రం పెట్టి కాపాడుకోవాల్సి వచ్చింది. ‘చిట్టి ఆవు’ అని రంగు పెట్టెలో వేసే వార్తలో ఈ కారణం ఒక్క వాక్యం ఉండదు. పేడెత్తి, గడ్డేసి, పాలు పిండిన చేతుల గురించి అర వాక్యం కూడా ఉండదు. ఆవునైనా అవ్వనైనా వింతగా చూపించడంలో పద్ధతి ఒకటే. పొట్టిగా ఉందని చూపిస్తారు, ఎందుకు తగ్గిపోయిందో చెప్పరు.

ఇంత చెప్తే కొందరంటారు, ‘సరదాగా నవ్వుకునేదానికి ఇంత రాద్ధాంతమా? పొద్దున లేస్తే మీకు పనులు లేవా?’ అని. పనులున్నాయి. అందుకే నా సమయం నాకు విలువైనది. నవ్వుకి నేను వ్యతిరేకం కాదు. చుట్టలు తాగితే దగ్గు పోతుందని చెప్పే ప్రకటన కనిపిస్తే నేనూ నవ్వుతాను. అమ్మినవాడి మీద నవ్వుతాను. మోసపోయినవాళ్ల మీదా, నోరు లేనివాళ్ల మీదా నవ్వే నవ్వు మీదే నా పోట్లాట. అలాగే ‘ఆ రోజులే వేరు’ అనే పెద్దాయనతోనూ పోట్లాటే. ఆ రోజులు మీకు వేరు తాతయ్యా. అవ్వనడగండి, ఆమెకు ఆ రోజులు ఎలా ఉన్నాయో. ఆమె ఉన్నప్పుడే అడగండి.

ఎందుకంటే మనం ఈ రోజు అచ్చు వేయిస్తున్నవి కూడా రేపటికి పాత పేపర్లే. మా దగ్గరి బంధువుల్లో ఒక పెద్దావిడ పోయింది. ఆరుగురు పిల్లల్ని కన్నది, చివరి పదేళ్లు ఆమెను చూసుకున్నది ఇద్దరు కూతుళ్లు. పేపర్లో శ్రద్ధాంజలి వేయించారు. పై వరుసలో ఆమె ఫోటో, కింద ‘కీర్తిశేషులు ఫలానావారి ధర్మపత్ని’ అని. ఆ కింద నలుగురు కొడుకుల పేర్లు, ఉద్యోగాలతో సహా. అల్లుళ్ల పేర్లు, ఊళ్లతో సహా. మనవళ్ల పేర్లు. కూతుళ్లూ, కోడళ్లూ, మనవరాళ్లూ కలిపి ఒకే మాట: ‘మరియు కుటుంబ సభ్యులు’. ఎందుకిలా అని నేనడిగితే, పేర్లు ఎక్కువైతే రేటు ఎక్కువవుతుంది అన్నారు ఇంటి పెద్దలు. మిగుల్చుకోవడానికి దొరికింది ఆడవాళ్ల పేర్లే! వందేళ్ల తర్వాత ఎవరైనా ఆ కట్ట విప్పితే, ఆ ఇంట్లో ఒక ముసలామె తప్ప ఆడమనిషే లేదనుకుంటారు. ఆ ముసలామెకూ సొంత పేరుందో లేదో అనుమానమే, ఎందుకంటే అది ఫోటో కింద చిన్న అక్షరాల్లో ఉంది.

కాబట్టి నేనడిగేవి పెద్ద పనులేం కావు. ఈసారి ఇంట్లో పెళ్లి పత్రికకైనా, గృహప్రవేశానికైనా, శ్రద్ధాంజలికైనా పేర్లు రాసే కాగితం మీ చేతిలోకి తీసుకోండి. ఆడవాళ్ల పేర్లు ఉన్నాయా లేదా చూడండి. లేకపోతే రాయండి. రేటు పెరుగుతుందంటే చీర ఒకటి తక్కువ పెట్టించండి.

పాత పేపర్లాయన వచ్చినప్పుడు అటక మీది కట్ట అలాగే తూకానికి వేసేయకండి. ఒక గంట కూచుని తిరగేయండి. ఏదైనా దాచదగ్గది కనిపిస్తే ముక్క కత్తిరించకండి, పేజీ మొత్తం మడిచి దాచండి. తేదీ ఉన్న అంచు పోనివ్వకండి. పాత ఫోటోల వెనక, పాత పత్రికల వెనక, అందులో ఎవరెవరున్నారో పెన్సిలుతో రాయండి. ‘మా పెద్దత్త’ అని కాదు, ఆమె పేరు రాయండి.

ఇక గ్రూపులో ఈసారి వింత ముక్క దిగితే నవ్వే బొమ్మ పెట్టే ముందు మూడు మాటలు అడగండి. ఈ పేజీలో పక్కన ఏముంది? ఇందులో ఎవరి పేరు లేదు? ఇదే సంగతి ఈ రోజు పేపర్లో ఏ పేరుతో ఉంది? జవాబు రాకపోతే పోనివ్వండి. అడిగిన ప్రశ్న గ్రూపులో ఉంటుంది. మీ పేరుతో ఉంటుంది.